నిర్ణయాలు ఎవరి చేతిలో? డిగ్రీ సైకాలజీ విద్యార్థిని తొలి పరిశోధన: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

విద్యార్థిని సైకాలజీ డిగ్రీ మూడో సంవత్సరంలో ఉంది. స్టాటిస్టిక్స్ పేపరు, పరిశోధన పద్ధతుల పేపరు రెండూ మంచి మార్కులతో పాసయింది. పై చదువులకు దరఖాస్తు పెట్టేలోపు పరిశోధన అనుభవం సంపాదించాలని చాలామంది అధ్యాపకులకు ఒకే ఈమెయిల్ పంపింది. ఎక్కువ మంది జవాబివ్వలేదు. ఒక చోట డేటా ఎంట్రీకి తీసుకున్నారు. అక్కడ 11 వారాల పాటు కాగితాల మీది ప్రశ్నావళి జవాబులను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించింది. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ ఇక్కడ వదిలేశాం.

సమస్య

పరిశోధనలో దారి చూపే మెంటర్‌తో మొదటిసారి కూర్చున్నప్పుడు ఆమె బయోడేటాలో 'రిసెర్చ్ అసిస్టెంట్' అని ఉంది. ఆ 11 వారాల అధ్యయనం ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోందని అడిగితే చెప్పలేకపోయింది. కొన్ని ప్రశ్నల స్కోరును ఎందుకు తిరగేసి లెక్కించాలో అక్కడ ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. "పరిశోధన నాకు సరిపడే పని కాదేమో మేడమ్" అంది.

ఇలాంటి విద్యార్థికి అవకాశం దొరకలేదని అనుకోవడం తేలిక. నిజానికి దొరికింది. అయితే ఆ అవకాశంలో ఆమె తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటీ లేదు. డేటా ఎంట్రీ తక్కువ పనేమీ కాదు, ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. ఆ పని చేసేవారికి అధ్యయనం తాలూకు ప్రశ్న, డిజైన్, కోడ్‌బుక్ (ఏ జవాబుకు ఏ అంకె వెయ్యాలో చెప్పే పట్టిక) చూపించకపోతే మాత్రం 11 వారాల్లో పెరిగేది టైపింగ్ వేగమే. ఇంకో సంగతి, ఆమె గురించి ఎవరైనా సిఫార్సు లేఖ రాయాలన్నా 'క్రమం తప్పకుండా వచ్చింది' అనే మాట దాటి రాయడానికి ఏమీ లేదు.

మొదటి ప్రయత్నం: సొంత ప్రశ్న

ఆసక్తి ఉన్న చోట మొదలుపెడితే పట్టుదల నిలుస్తుందన్న ఆలోచనతో ప్రశ్నను పూర్తిగా ఆమెకే వదిలేశాం. ఆమె ఎంచుకున్నది సోషల్ మీడియా వాడకానికీ డిప్రెషన్‌కూ సంబంధం. ఆన్‌లైన్ సర్వే, పేర్లు అడగరు, డిప్రెషన్ కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ప్రశ్నావళి.

ఎథిక్స్ కమిటీ దరఖాస్తును వెనక్కి పంపింది. కారణం ఆ ప్రశ్నావళిలోని తొమ్మిదో ప్రశ్న. చనిపోతే బాగుండునన్న ఆలోచనలు, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనలు గత రెండు వారాల్లో ఎంత తరచుగా వచ్చాయని అది అడుగుతుంది. ఎవరైనా 'దాదాపు ప్రతిరోజూ' అని జవాబిస్తే, పేర్లు లేని సర్వేలో ఆ మనిషిని చేరుకునే దారి లేదు. అలాంటి జవాబు వచ్చాక ఏం చెయ్యాలో తెలిసిన క్లినికల్ మనిషి కూడా జట్టులో లేరు. దరఖాస్తు పంపకముందే ఇది పట్టుకోవలసిన బాధ్యత మెంటర్‌ది. విద్యార్థిని దరఖాస్తులో మెంటర్ తప్పులు వెతికేటప్పుడు చూపు భాష మీద, ఫార్మాట్ మీద పడింది, ప్రశ్నావళి మీద పడలేదు. ఆరు వారాలు పోయాయి.

తొమ్మిదో ప్రశ్న తీసేసిన పీహెచ్‌క్యూ-8 వాడితే సరిపోతుందా అని చర్చించాం. దానితో ఒక చిక్కు తగ్గుతుంది. అసలు చిక్కు అలాగే ఉంటుంది. సంబంధం చిన్నదనుకుని, అంటే సహసంబంధ గుణకం 0.2 అనుకుని, 80 శాతం పవర్ (సంబంధం నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) కావాలంటే సుమారు 194 మంది కావాలి. 0.1 అయితే దాదాపు 783 మంది. ఒక సెమిస్టర్‌లో, ఒక్క విద్యార్థిని చేతుల మీదుగా వచ్చే సంఖ్య కాదది. వచ్చిందే అనుకున్నా, దిగులుగా ఉన్నవారు ఫోను ఎక్కువ చూస్తారా, ఫోను ఎక్కువ చూసినవారు దిగులు పడతారా అన్నది ఒక్కసారి తీసుకున్న సర్వేతో తేలదు. ఆ ప్రశ్నను పక్కన పెట్టాం. 'ఇప్పటికి' అన్న మాట ఆమెకు స్పష్టంగా చెప్పే పెట్టాం. ప్రశ్నను కొట్టేస్తే తన ఆసక్తినే కొట్టేసినట్టు విద్యార్థులు తీసుకుంటారు.

రెండో ప్రయత్నం: రిసెర్చ్ స్కాలర్‌కు జత చేయడం

పీహెచ్‌డీ చేస్తున్న ఒకరికి ఆమెను అప్పగించాం. తర్కం బలంగానే కనిపించింది. వయసులో దగ్గరివారు, ఆ దశ ఈమధ్యే దాటినవారు. సందేహాలు అడగడానికి జంకు ఉండదు.

ఐదు వారాల్లో ఇది కూడా ఆగిపోయింది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. తన పనిలో కొంత భాగం తగ్గుతుందని స్కాలర్ అనుకున్నారు. తనకు నేర్పుతారని విద్యార్థిని అనుకుంది. కలిసే సమయం నిర్ణయించలేదు, 'ఖాళీ ఉన్నప్పుడు రా' అనేదే ఏర్పాటు. ఖాళీ ఎప్పుడూ రాలేదు. పేపరు వస్తే పేరు ఉంటుందా లేదా అనే మాట ఎత్తడానికి ఇద్దరూ మొహమాటపడ్డారు. ఆ మొహమాటమే మెల్లగా ఇద్దరి మధ్య దూరంగా మారింది.

దగ్గరి సీనియర్ల మార్గదర్శనం పనిచెయ్యదని దీని అర్థం కాదు. స్కాలర్‌కు మెంటరింగ్ ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, వారానికి ఎన్ని గంటలు దానికి కేటాయించాలో చెప్పలేదు, ఆ గంటలకు లెక్క కూడా లేదు. పై నుంచి అప్పగించి వదిలేస్తే అది మెంటర్ తన బాధ్యతను దించుకోవడం అవుతుంది.

మూడో ప్రయత్నం: చిన్న ప్రశ్న, రాతపూర్వక ఒప్పందం

ఈసారి రెండు పేజీల ఒప్పందంతో మొదలుపెట్టాం. వారానికి 6 గంటలు, 14 వారాలు, పరీక్షల వారాలు ఇందులోకి రావు. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళ, 30 నిమిషాలు. సమావేశానికి 24 గంటల ముందు ఆమె మూడు సంగతులు రాసి పంపాలి: ఏం పూర్తయింది, ఎక్కడ ఆగింది, ఏ నిర్ణయం ఎందుకు తీసుకోవాలనుకుంటోంది. మూడోది లేకుండా వస్తే సమావేశం వాయిదా. ఈ నియమం కఠినంగా అనిపించవచ్చు. అది లేని రోజుల్లో ఆ అరగంటంతా మెంటర్ చెప్పడం, విద్యార్థిని రాసుకోవడంతోనే గడిచిపోయేది. పేర్ల విషయం కూడా మొదటి రోజే తేల్చాం. ఎవరు ఏం చేశారో 14 పాత్రలుగా విడగొట్టే క్రెడిట్ వర్గీకరణను ముందు పెట్టుకుని, ఏ పాత్రలు ఆమెవో రాసుకున్నాం.

ప్రశ్న విషయంలో కొత్తదనం కోరుకోలేదు. ముందే తెలిసిన ఫలితాన్ని మళ్లీ పరీక్షించడమే మంచిదనుకున్నాం. అలా అయితే డిజైన్ ఆధారం దొరుకుతుంది, అంచనా దిశ ముందే తెలుస్తుంది, ఏదైనా తేడా వస్తే ఎక్కడ తేడా వచ్చిందో పోల్చి చూసుకోవచ్చు. ఆమెకు మూడు అధ్యయనాలు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నాం. ఆమె ఎంచుకున్నది టెస్టింగ్ ఎఫెక్ట్ మీద రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగం. ఒక పాఠాన్ని రెండోసారి చదవడం కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయడం వల్ల అది ఎక్కువ కాలం నిలుస్తుందా అన్నది ప్రశ్న. ఆ ప్రయోగంలో 5 నిమిషాల తర్వాత మళ్లీ చదివినవారే ముందున్నారు, వారికి గుర్తున్నది 81 శాతం, రాసినవారికి 75 శాతం. రెండు రోజుల తర్వాత తలకిందులైంది: చదివినప్పుడు 54, రాసినప్పుడు 68. వారం తర్వాత 42, 56. ఈ తలకిందులు కావడమే ఆమెను పట్టేసింది.

ప్రమాదం దాదాపు లేని అధ్యయనం. సున్నితమైన సమాచారం ఏదీ అడగం. కావలసింది రెండు పాఠాలు, తెల్ల కాగితాలు, టైమర్, నిశ్శబ్దంగా ఉండే గది. ఎథిక్స్ దరఖాస్తులో జాగ్రత్తపడ్డ విషయం ఒక్కటే: పాల్గొనేవారిని పిలిచేది వారికి మార్కులు వేసే అధ్యాపకులు కాకూడదు. 'వద్దు' అనే హక్కు కాగితం మీద ఉన్నా, మార్కులు వేసే మనిషి ఎదురుగా ఉంటే నోట రాదు.

నిర్ణయాలు ఎలా జరిగాయి

ఒక పట్టిక పెట్టాం. తేదీ, నిర్ణయం, ముందున్న దారులు, ఎంచుకున్న కారణం, ఎవరు తీసుకున్నారు. ఐదు గళ్లు, అంతే. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడ్డది ఈ పట్టికే. చివరి గడిలో మొదటి మూడు వారాలూ మెంటర్ పేరే ఉంది. అది చూశాకే, తన చేతిలో ఎంత పెట్టుకుని ఎంత ఇస్తోందో మెంటర్‌కు తెలిసింది.

ఆమె చేతికి వచ్చిన మొదటి పెద్ద నిర్ణయం వ్యవధి. వారం తర్వాత పరీక్షించాలా, రెండు రోజుల తర్వాతా? వారం అయితే వినడానికి బాగుంటుంది. కానీ రెండోసారి రాకుండా పోయేవాళ్లు పెరుగుతారు, ఎవరు రాలేదన్నది యాదృచ్ఛికం కాకపోవచ్చు. మూల ప్రయోగంలో రెండు రోజులకే 14 పాయింట్ల తేడా కనిపించింది, వారానికీ అంతే. కాబట్టి రెండు రోజులు చాలన్నది ఆమె వాదన. సరైన వాదన. దాని వెంటే ఇంకో చిక్కు ఆమే పట్టుకుంది: శుక్రవారం వచ్చినవారు ఆదివారం రావాలి. అందుకని మొదటి విడతలు సోమ, మంగళ, బుధవారాలకే పరిమితం చేసింది.

రెండోది శాంపిల్. ప్రతి మనిషీ రెండు పాఠాలు చదువుతారు. ఒకటి మళ్లీ చదువుతారు, ఒకటి గుర్తుతెచ్చుకుని రాస్తారు. ఎవరి స్కోరును వారి స్కోరుతోనే పోల్చడం వల్ల మనుషుల మధ్య తేడాలు అడ్డు రావు, తక్కువ మంది సరిపోతారు. ప్రభావం ఎంత ఉంటుందనుకోవాలి? ప్రచురితమైన అంకెను ఉన్నదున్నట్టు తీసుకోవద్దని చెప్పాం. 2015లో ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూసినప్పుడు, మూల అధ్యయనాల్లో 97 శాతం సిగ్నిఫికెంట్‌గా (కేవలం యాదృచ్ఛికమని కొట్టెయ్యలేనంతగా) ఉంటే పునరావృతాల్లో 36 శాతమే అలా వచ్చాయి, ప్రభావాల పరిమాణం సగటున సగానికి పడిపోయింది. అది చదివి ఆమె ప్రభావ పరిమాణాన్ని మధ్యస్థంగా 0.5 అనుకుంది. జీ పవర్ సాఫ్ట్‌వేర్‌లో, ఒకే మనిషి రెండు స్కోర్లను పోల్చే జత టీ-పరీక్షకు, 0.05 స్థాయిలో, 80 శాతం పవర్‌కు 34 మంది అని వచ్చింది. రాకుండా పోయేవారిని లెక్కలో వేసుకుని 44 మందిని పిలవాలనుకుంది. 44 ఎందుకంటే అది 4తో భాగించబడుతుంది. ఏ పాఠం ముందు, ఏ పద్ధతి ముందు అన్నవి కలిపితే నాలుగు వెర్షన్లు, ఒక్కోదానికి 11 మంది.

మొదటి విడత ఇలా నడిచింది. సమ్మతి పత్రానికి 5 నిమిషాలు, పాఠం చదవడానికి 7, మధ్యలో అంకగణితం 2, తర్వాత మళ్లీ చదవడం గానీ తెల్ల కాగితం మీద రాయడం గానీ 7. చిన్న విరామం, రెండో పాఠంతో మళ్లీ అదే. మొత్తం 40 నిమిషాలు. ఆ రెండు నిమిషాల అంకగణితం ఎందుకని చాలామంది విద్యార్థులు అడుగుతారు. చివరి వాక్యాలు ఇంకా మనసులో మెదులుతుండగానే రాయిస్తే అది జ్ఞాపకం నుంచి వెతికి తీయడం కాదు, చెవిలో మోగుతున్నది దించడం.

పైలట్‌లో తేలినవి

నలుగురితో పైలట్, అంటే అసలు ప్రయోగానికి ముందు చిన్న ప్రయత్నం, చేస్తే రెండు లోపాలు బయటపడ్డాయి. రెండో పాఠం మొదటిదానికంటే బాగా కష్టం. మొదటిదాంట్లో కారణం, ఫలితం వరుసగా అల్లుకుని ఉన్నాయి. రెండోది విడివిడి వాస్తవాల కుప్ప. వెర్షన్లు మార్చి మార్చి ఇచ్చినా, ఇంత తేడా ఉంటే స్కోర్లలో అనవసరపు హెచ్చుతగ్గులు పెరిగి అసలు ప్రభావం మునిగిపోతుంది. ఆమె రెండో పాఠాన్ని తిరగరాసింది. రెండింటిలోనూ సరిగ్గా 30 భావాంశాలు (విడివిడిగా లెక్కపెట్టి మార్కు వెయ్యగల చిన్న సంగతులు) వచ్చేలా చూసింది.

ఇంకోటి మార్కులు వేయడం. ఇద్దరు విడివిడిగా దిద్దితే చాలా చోట్ల కలవలేదు. సగం గుర్తున్న వాక్యానికి ఒకరు అర మార్కు వేశారు, ఒకరు సున్నా. ఆమె అర మార్కులు తీసేసింది, 0 లేదా 1 మాత్రమే ఉంచింది. ప్రతి భావాంశానికీ 'ఈ మాట ఉంటే చాలు', 'ఇది లేకపోతే చాలదు' అని ఒక్కో వాక్యం రాసింది. జవాబులన్నీ టైపు చేయించి, ఏ పద్ధతి తర్వాత రాసినదో దిద్దేవారికి తెలియకుండా కోడ్‌లు పెట్టింది. దస్తూరి మీద, పాల్గొన్నవారి మీద ఉండే అభిప్రాయాలు మార్కుల్లోకి దూరకుండా ఇదొక్కటే కాపాడుతుంది.

డేటా సేకరణకు ముందే ప్రణాళికను ఓఎస్ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) వెబ్‌సైట్‌లో ప్రీరిజిస్టర్ చేసింది, అంటే ముందే నమోదు చేసి పెట్టింది. ప్రధాన పరీక్ష ఏది, ఎవరిని తీసేస్తాం, ఎప్పుడు ఆపేస్తాం. తీసేసే నియమాలు రెండే: ఆ పాఠం విషయం ముందే చదివి ఉన్నవారు, రెండో విడతకు 40 గంటల లోపు గానీ 56 గంటల తర్వాత గానీ వచ్చినవారు.

ఫలితం, ఆ తర్వాతి గంట

44 మందిలో 36 మంది తిరిగి వచ్చారు. ఇద్దరు సమయం దాటి వచ్చారు కాబట్టి నియమం ప్రకారం పోయారు. మిగిలినవారు 34. రాసిన పాఠంలో స్కోరు 6.5 శాతం పాయింట్లు ఎక్కువ, అంటే 30లో దాదాపు రెండు భావాంశాలు. పి విలువ, అంటే నిజానికి ప్రభావమే లేకపోయినా ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ గానీ కనిపించే అవకాశం, 0.07. సిగ్నిఫికెంట్ అనాలంటే అది 0.05 కంటే తక్కువ రావాలి.

ఆ వారం సమావేశానికి ఆమె పంపిన మూడో సంగతి ఇది: ఇద్దరిని తీసేయాలనుకుంటున్నాను. ఒకరు అలసిపోయి కనిపించారు, ఒకరు మధ్యలో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. వాళ్లిద్దరినీ తీస్తే పి విలువ 0.05 కిందికి వస్తోంది. ఆ ఇద్దరి స్కోర్లే అంచనాకు అన్నిటికంటే ఎదురు దిశలో ఉన్నాయని కూడా తానే రాసింది. దాచలేదు.

ఇక్కడ మెంటర్ ముందు రెండు దారులున్నాయి. వద్దని చెప్పెయ్యడం, లేదా నిర్ణయం ఆమెకే వదలడం. వద్దంటే ఆమె వింటుంది, అయితే ఎందుకు వద్దన్న ఆలోచన ఆమెది కాదు. వదిలేస్తే తప్పు జరిగే వీలుంది. ఎంచుకున్నది మధ్యదారి. ప్రీరిజిస్ట్రేషన్ పత్రాన్ని తెరిచి, అనుకున్న దిశలో వచ్చినవారిలో కూడా అలసిపోయి కనిపించిన వాళ్లెవరైనా ఉన్నారా అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నాం. ఆమె తన సెషన్ నోట్స్ తీసింది. నలుగురున్నారు. వాళ్లను తీసెయ్యాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. పట్టికలో ఆ వారం గడిలో ఆమె రాసుకుంది: 34 మందితోనే ప్రధాన ఫలితం. ఆ ఇద్దరి సంగతి విడిగా, ముందుగా అనుకోని విశ్లేషణ అని చెప్పి రాయాలి.

"అయితే ఫెయిలయినట్టేనా మేడమ్?" అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి పూర్తి సమావేశం పట్టింది, పట్టాలి కూడా. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఎక్కడెక్కడ ఉండొచ్చో ఈ డేటా సూచించే పరిధి, మైనస్ 0.6 నుంచి 13.6 దాకా ఉంది. అందులో సున్నా ఉంది. మూల ప్రయోగంలో కనిపించిన 14 దాదాపు దాని అంచునే ఉంది. అంటే ప్రభావం లేదని ఈ డేటా చెప్పడం లేదు, ఉందని తేల్చడమూ లేదు. గమనించిన ప్రభావ పరిమాణం 0.32. నిజంగా అంతే అయితే 80 శాతం పవర్‌కు సుమారు 79 మంది కావాలి. ఆమె తీసుకున్న 34, తాను ఊహించిన 0.5కు సరైన సంఖ్యే. ఊహ పెద్దదయింది.

ఎందుకు చిన్నగా వచ్చిందని ఆమె తానే వెతికింది. మొదటి రోజు రాసినప్పుడు చాలామందికి సగం భావాంశాలు కూడా గుర్తు రాలేదు. గుర్తు రానిదానికి రాయడం వల్ల లాభం ఉండదు. సరిచూసుకునే అవకాశం కూడా ఈ డిజైన్‌లో లేదు. మళ్లీ చదివినవారి కళ్లకు మాత్రం 30 భావాంశాలూ రెండోసారి కనిపిస్తాయి. పైలట్‌లోనే ఈ అంకె చూసి ఉంటే పాఠాలను ఇంకాస్త తేలిక చేసేవాళ్లం. పైలట్‌లో అందరం రెండు పాఠాల మధ్య తేడానే చూశాం, మొదటి రోజు ఎంత గుర్తు వచ్చిందో చూడలేదు.

రాతలో దొర్లిన తప్పు

రిపోర్టు ముందుమాట మొదటి చిత్తుప్రతి బలహీనంగా వచ్చింది. గడువు దగ్గర పడిందని మెంటర్ దాన్ని తిరగరాసి ఇచ్చింది. తర్వాతి రెండు భాగాలు ఆమె సగం సగం రాసి పంపింది. ఎలాగూ మారుస్తారు కదా అన్నట్టు. దాన్ని గుర్తించాక పద్ధతి మార్చాం. ఒక విడతకు మూడు వ్యాఖ్యలే, మూడూ ప్రశ్నల రూపంలోనే. 'ఈ పేరాలో నువ్వు చెప్పే ఒక్క మాట ఏమిటి?' లాంటివి. అక్షరదోషాలు చివరి విడత దాకా ముట్టుకోలేదు. నాలుగు విడతలు పట్టింది, తిరగరాస్తే ఒక్క రాత్రిలో అయ్యేది. కానీ చర్చ భాగంలో మొదటి రోజు గుర్తు వచ్చిన శాతం గురించిన పేరా పూర్తిగా ఆమెది, ఒక్క మాట కూడా మార్చవలసిన పని పడలేదు.

మారినవి

ఈ కేసు తర్వాత కొన్ని ఏర్పాట్లు మార్చాం. డేటా ఎంట్రీకి వచ్చే ఎవరికైనా మొదటి రోజు అధ్యయనం ప్రశ్న, డిజైన్, కోడ్‌బుక్ చెప్పి, వారానికో చిన్న నిర్ణయం ఇస్తాం. ఖాళీగా వదిలిన జవాబులను ఎలా గుర్తించాలన్నది కూడా నిర్ణయమే. స్కాలర్‌కు విద్యార్థిని అప్పగిస్తే ఆ ఇద్దరితో మెంటర్ మూడు వారాలకోసారి కూర్చుంటుంది, గంటల లెక్క కాగితం మీద ఉంటుంది. ప్రశ్నావళి ఏదైనా సరే ప్రతి ప్రశ్ననూ మెంటర్, విద్యార్థి కలిసి పైకి చదివాకే ఎథిక్స్ కమిటీకి పంపుతాం. అవకాశం కోసం రాసే ఈమెయిల్ విషయంలో ఆమె తన జూనియర్లకు చెబుతున్నది ఇది: ఎవరికి రాస్తున్నామో వారి ఒక పేపరులో పద్ధతి మీద ఒక్క నిజమైన సందేహం, వారానికి ఇవ్వగల గంటలు. ఇంతకు మించి అక్కర్లేదు.

పాఠాలు, మార్కుల నియమాలు, డేటా, విశ్లేషణ స్క్రిప్టు, నిర్ణయాల పట్టిక అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. తర్వాతి విద్యార్థికి ఇచ్చిన మొదటి పని దాన్ని తెరిచి, ఎవరినీ అడగకుండా 6.5 అన్న అంకెను మళ్లీ రాబట్టడం. అతనికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. అతను ఆగిన చోటు ఒక్కటే, రెండో పాఠంలోని 17వ భావాంశం. దానికి నియమం ఆమె మనసులో ఉంది, కాగితం మీద లేదు. ఇప్పుడు అతను ఆ వాక్యం చేర్చి, పాఠాలను తేలిక చేసి, 80 మంది కోసం మళ్లీ పైలట్ మొదలుపెట్టాడు. పైలట్ షీటులో మొదటి గడి, మొదటి రోజు ఎంత శాతం గుర్తు వచ్చిందన్నది.